ఒంటి మీద ఆస్తి: హిప్‌హాప్ తోలు జాకెట్‌ని ఎందుకు వదలదు

1988 ఆగస్టు 23, తెల్లవారుజామున నాలుగింటికి మైక్ టైసన్ న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక బట్టల షాపు దగ్గర మిచ్ గ్రీన్ అనే ఇంకో బాక్సర్‌తో రోడ్డు మీద కొట్టుకుని చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి అతను ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్, కాబట్టి పేపర్లన్నీ ఆ కొట్లాట గురించే రాశాయి. నాకు మాత్రం కొట్లాట కంటే అందులోని ఒక చిన్న వివరం బాగా గుర్తుండిపోయింది. టైసన్ అక్కడికి వెళ్లింది తను ఆర్డర్ ఇచ్చిన తోలు జాకెట్ తెచ్చుకోవడానికి. దాని మీద "డోంట్ బిలీవ్ ద హైప్" అని రాయించుకున్నాడు, అది ఆ ఏడాదే వచ్చిన పబ్లిక్ ఎనిమీ అనే రాప్ గ్రూపు పాట పేరు. ఆగస్టు నెల, న్యూయార్క్ ఉక్కపోత, టైము తెల్లారి నాలుగు, కావాల్సింది తోలు జాకెట్! చలికాలపు బట్ట కోసం ఎవరైనా అలా పరిగెత్తుతారా?

(జాకెట్టు అంటే మన ఇళ్లలో చీర మీదకి వేసుకునేది కాబట్టి ఇక్కడి నుంచి లెదర్ జాకెట్ అనో తోలు జాకెట్ అనో అంటాను, లేకపోతే మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు.)

ఎవరినడిగినా చెప్పే జవాబు ఒకటే: రఫ్‌గా కనిపిస్తారు కాబట్టి వేసుకుంటారు. నిజమే కానీ చాలదు. రఫ్‌గా కనిపించే బట్టలు బోలెడు వచ్చాయి, పోయాయి. ట్రాక్‌సూట్లు, బ్యాగీ జీన్స్, మోకాళ్ల దాకా వేలాడే తెల్ల టీషర్టులు, అన్నీ ఒక్కో దశాబ్దంలో పుట్టి ఆ దశాబ్దంతోనే ముసలివైపోయాయి. లెదర్ జాకెట్ ఒక్కటే నలభై ఏళ్లకు పైగా వస్తూ పోతూ ఉంది. నా లెక్కలో కారణం ఏంటంటే, హిప్‌హాప్‌లో ఈ పేరుతో తిరిగే జాకెట్లు రెండు. ఒకటి సాదా నల్లది, "మేము" అని చెప్పేది. ఇంకోటి రంగులదీ బొమ్మలదీ, "నేను" అని చెప్పేది. ఒకటి బోర్ కొట్టగానే ఇంకోటి బయటికొస్తుంది. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదట విమానాలు. 1931లో అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ ఏ-2 అనే తోలు జాకెట్‌ని పైలట్లకి ఇవ్వడం మొదలుపెట్టింది. పైన చలి, ఈదురుగాలి, అప్పటి విమానాల్లో చాలా వాటికి కాక్‌పిట్ మీద మూత కూడా ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కుర్రాళ్లు ఆ జాకెట్ వీపు మీద బొమ్మలు వేయించుకున్నారు. తమ విమానం పేరు, ఒక అమ్మాయి బొమ్మ, ఎన్నిసార్లు బాంబులేసి తిరిగొచ్చారో అన్ని చిన్న బాంబు గుర్తులు. ప్రభుత్వం ఇచ్చిన యూనిఫాం మీద సొంత కథ రాసుకోవడం ఇక్కడి నుంచే వచ్చింది, కాబట్టి టైసన్ జాకెట్‌కి ముత్తాత ఎవరంటే నేను ఈ బాంబర్ కుర్రాళ్లనే చూపిస్తాను. అలబామాలోని టస్కీగీలో శిక్షణ పొందిన నల్లజాతి పైలట్లకీ ఇవే జాకెట్లు దక్కాయి. అదే సైన్యం వాళ్లని తెల్లవాళ్లతో కలవనీయకుండా విడి దళాల్లో పెట్టింది, ఆ పద్ధతిని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది 1948లో. కలిసి తిననివ్వని సైన్యం ఇచ్చిన జాకెట్ వేసుకుని హార్లెమ్ వీధిలో నడిచినప్పుడు ఆ మనిషికి అది ఉత్త చలికోటు అయ్యుండదు.

తర్వాత మోటార్‌సైకిళ్లు. న్యూయార్క్‌లో షాట్ అనే కంపెనీ 1928లో జిప్పు పెట్టిన బైక్ జాకెట్ చేసింది, దాని పేరు పర్ఫెక్టో. యజమాని అర్వింగ్ షాట్‌కి ఇష్టమైన చుట్ట పేరు అది. లాంగ్ ఐలండ్‌లో ఒక హార్లీ డేవిడ్‌సన్ షాపులో ఐదున్నర డాలర్లకి అమ్మారు. జిప్పు ఏటవాలుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? బండి మీద ముందుకు వంగినప్పుడు ఒక అంచు ఇంకో అంచు మీద పడి గుండెకి గాలి తగలకుండా చేస్తుంది, అంతే. 1953లో మార్లన్ బ్రాండో తెర మీద అలాంటి జాకెట్ వేసుకున్నాక అమెరికాలో కొన్ని స్కూళ్లు దాన్ని నిషేధించాయి. నిషేధిస్తే ఏమవుతుందో మనకి తెలుసు.

ఇక్కడి దాకా ఇది ఎక్కువగా తెల్లవాళ్ల కథ. మలుపు 1966 అక్టోబర్‌లో, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో వచ్చింది. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసి నల్లవాళ్ల హక్కుల కోసం బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. యూనిఫాం: నల్ల తోలు జాకెట్, లేత నీలం చొక్కా, నల్ల బెరే టోపీ. ప్రత్యేకంగా కుట్టించాల్సిన పని లేదు, బజార్లో దొరికేవే, చాలామంది ఇళ్లలో ముందే ఉన్నవే. కానీ ఒకడు వేసుకుంటే జాకెట్, యాభై మంది ఒకేలా వేసుకుని వరసలో నిలబడితే అది ఇంకేదో. 1967 మే 2న ముప్పై మంది దాకా తుపాకులు పట్టుకుని శాక్రమెంటోలో శాసనసభ భవనంలోకి నడిచినప్పటి ఫొటోలు దేశమంతా చూసింది. ఆ తర్వాత నల్లజాతి యువకుడి ఒంటి మీద నల్ల తోలు జాకెట్ కనబడితే బ్రాండో గుర్తుకురావడం మానేసింది. (మన దేశంలో ఆ పేరు స్ఫూర్తితోనే 1972లో ముంబైలో దళిత్ పాంథర్స్ పుట్టింది. జాకెట్ మాత్రం రాలేదు, అక్కడి వాతావరణానికి వచ్చినా ఎవరూ వేసుకునేవారు కాదు.)

హిప్‌హాప్‌కి ఈ పార్టీతో ఉన్న బంధుత్వం పోలిక కోసం చెప్పింది కాదు, అక్షరాలా రక్తసంబంధం. అఫేనీ షకూర్ న్యూయార్క్ పాంథర్స్ కేసులో నిందితురాలు, కడుపుతో ఉండి కోర్టులో తన వాదన తనే వినిపించుకుంది, 1971 మేలో నిర్దోషిగా బయటికొచ్చింది. నెల తిరిగేసరికి జూన్ 16న కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడే తర్వాత పేరుమోసిన రాపర్ టూపాక్.

అదే సమయంలో న్యూయార్క్‌లో బ్రాంక్స్ తగలబడుతోంది. ఊరి మధ్యలోంచి ఎక్స్‌ప్రెస్ హైవే వేశారు, ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, మిగిలిన బిల్డింగులకి వరసగా నిప్పంటుకునేది. వీధుల్ని గ్యాంగులు పంచుకున్నాయి: బ్లాక్ స్పేడ్స్, శావేజ్ స్కల్స్, ఘెట్టో బ్రదర్స్. వీళ్లు చేతులు కత్తిరించిన డెనిమ్, తోలు జాకెట్ల వెనక గ్యాంగు పేరు కుట్టించుకునేవాళ్లు, బైకర్ క్లబ్బుల అలవాటు అది. ఆ వీపు చూసి ఏ వీధిలోకి ఎవరు రావచ్చో తేలేది. వేరే గ్యాంగు వీధిలో పట్టుబడితే ముందు జాకెట్ లాక్కునేవాళ్లు. 1971 డిసెంబర్‌లో హో అవెన్యూలో గ్యాంగులన్నీ కూర్చుని రాజీ చేసుకున్నాయి, అది పూర్తిగా నిలవకపోయినా వీధుల మధ్య రాకపోకలు మొదలయ్యాయి. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో డీజే కూల్ హెర్క్ చెల్లెలి కోసం పార్టీ చేశాడు, హిప్‌హాప్ పుట్టినరోజు అని అందరూ చెప్పుకునేది అదే. బ్లాక్ స్పేడ్స్‌లో ఉన్న ఆఫ్రికా బంబాటా కూడా తర్వాత పార్టీలే మొదలుపెట్టాడు. అంటే జాకెట్ వేసుకున్న మనుషులు వాళ్లే, వీధులు అవే, జాకెట్‌తో చేసే పని మారింది.

ఇప్పుడు అసలు సంగతి. 1980ల మొదట్లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ అనే రాప్ గ్రూపు ఫొటోలు చూడండి. తోలే, కానీ మేకులు కొట్టిన తోలు, బొచ్చు, పొడుగు బూట్లు, రాక్ బ్యాండ్ వాళ్లూ ఫంక్ వాళ్లూ వేసుకునే స్టేజీ వేషం. ఆ వేషంలో ఎవరూ కిరాణా కొట్టుకి వెళ్లరు. సరిగ్గా అప్పుడు క్వీన్స్‌లోని హాలిస్ అనే పేట నుంచి రన్ డీఎంసీ అనే ముగ్గురు కుర్రాళ్ల రాప్ గ్రూపు వచ్చింది. వాళ్ల డీజే జామ్ మాస్టర్ జే రోజూ వీధిలో ఎలా తిరుగుతాడో అలాగే వచ్చాడు: నల్ల తోలు జాకెట్, నల్ల టోపీ, లేసులు లేని అడిడాస్ బూట్లు. మేనేజర్ రసెల్ సిమన్స్ అతన్ని చూసి, మిగతా ఇద్దరూ కూడా ఇలాగే తయారవ్వాలన్నాడు. వినడానికి చిన్న నిర్ణయం. కానీ ఆ రోజుతో స్టేజీ మీది మనిషికీ కింద చూసేవాడికీ మధ్య బట్టల తేడా పోయింది. ముగ్గురూ ఒకేలా నల్లగా నిలబడితే పాంథర్ల నీడ కూడా అందులో ఉంది, వాళ్లు అనుకుని చేశారో లేదో నేను చెప్పలేను గానీ చూసేవాళ్ల కళ్లకి ఆ జ్ఞాపకం అప్పటికి పదిహేనేళ్ల పాతది మాత్రమే.

ఇంకో సంగతి. 1986లో రన్ డీఎంసీ అడిడాస్ మీద పాట పాడితే ఆ కంపెనీ వాళ్లతో పది లక్షల డాలర్ల పైన ఒప్పందం చేసుకుంది. బూట్లకి డబ్బొచ్చింది, జాకెట్‌కి రాలేదు. ఎందుకంటే సాదా నల్ల తోలు జాకెట్‌కి యజమాని లేడు. దాని మీద మూడు గీతలూ లేవు, పేరూ లేదు. నా దృష్టిలో అది పాతబడకపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి: ఎవడి బ్రాండూ కానిదాన్ని ఎవడూ మార్కెట్‌లోంచి తీసెయ్యలేడు.

సరే, "మేము" జాకెట్ ఇది. "నేను" జాకెట్ హార్లెమ్‌లో 125వ వీధిలో తయారైంది.

డేనియల్ డే, అందరూ పిలిచే పేరు డాపర్ డాన్. కుర్రతనంలో పాచికల జూదంలో చెయ్యి తిరిగినవాడు. 1982లో షాపు పెట్టాడు. అర్ధరాత్రి అపరాత్రి అనకుండా 24 గంటలూ తెరిచే ఉండేది, టైసన్ తెల్లారి నాలుగింటికి వెళ్లింది అందుకే. మొదట బొచ్చుకోట్లు అమ్మాడు. తర్వాత లూయీ విటాన్, గుచ్చీ బ్యాగుల మీద జనానికున్న మోజు గమనించాడు. బ్యాగు మీద అంత చిన్న గుర్తుకే ఇంత మోజు ఉంటే ఒళ్లంతా అదే గుర్తయితే? ఆ కంపెనీలు అప్పటికి అలాంటి బట్టలు కుట్టనేలేదు, లూయీ విటాన్ అయితే బట్టల వ్యాపారంలోకి దిగిందే 1998లో. ముందు బ్యాగులు కొని వాటిని కోసి అతికించేవాడు, అవి చాలక తోలు మీద స్క్రీన్ ప్రింటింగ్ తనే నేర్చుకున్నాడు. కాగితం మీదో గుడ్డ మీదో అచ్చు వేసినంత సులువు కాదది. తోలు వంగుతుంది, సాగుతుంది, మామూలు సిరా అయితే మడత పడిన చోటల్లా పెచ్చులూడుతుంది. సెనెగల్ నుంచి వచ్చిన దర్జీలు షాపులో రాత్రింబగళ్లు కుట్టేవాళ్లు. 1987లో ఎరిక్ బీ అండ్ రకీమ్ అనే రాప్ జోడీ మొదటి ఆల్బమ్ అట్ట మీద వేసుకున్న గుచ్చీ గుర్తుల జాకెట్లు గుచ్చీవి కావు, ఇతనివే.

ఈ జాకెట్లు కొన్నది మొదట రాపర్లు కూడా కాదు. జూదగాళ్లు, మత్తుమందు వ్యాపారంలో డబ్బు చూసిన కుర్రాళ్లు. ఇక్కడ నీతులు చెప్పేముందు లెక్క చూడాలి. 1930ల్లోనే అమెరికాలో ఇంటి అప్పుల కోసం ఊళ్ల మ్యాపులు గీసి నల్లవాళ్లుండే పేటలకి ఎర్ర రంగు పూశారు, అక్కడ అప్పివ్వడం ప్రమాదం అని అర్థం. 1968లో చట్టం వచ్చి ఆ వివక్ష తప్పన్నా, అప్పటికే రెండు తరాలు ఇల్లు కొనుక్కునే దారి లేకుండా పెరిగాయి. ఇల్లు లేదు, పొలం సంగతి సరేసరి. ఇక దొంగదారిలో వచ్చిన నోట్ల కట్టలు బ్యాంకులో వేస్తే, పదివేల డాలర్లు దాటిన నగదు గురించి బ్యాంకు ప్రభుత్వానికి చెప్పి తీరాలి. మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? ఒంటి మీద.

మనకి ఇది కొత్తా? మా అమ్మమ్మ తరానికి బ్యాంకంటే మెడలో కాసులపేరే. పెళ్లిలో ఎవరెన్ని తులాలు పెట్టుకొచ్చారో ఒక్క చూపుతో తూకం వేసే కళ్లు మన దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నాయి. అయినా ఆ హార్లెమ్ కుర్రాళ్లు గొలుసు మీద గొలుసు వేసుకుంటే, అన్ని వేల డాలర్ల జాకెట్ వేసుకుంటే మనవాళ్లకి వెటకారం. తేడా ఉంది, కాదనను: బంగారం తాకట్టు పెట్టుకోవచ్చు, జాకెట్‌కి ఎవడూ అప్పివ్వడు. కానీ నలుగురిలో నిలబడినప్పుడు ఆ రెండూ చేసే పని ఒకటే.

తోలే ఎందుకు, వేరే ఏ ఖరీదైన గుడ్డో ఎందుకు కాదు అంటే, దానికి దర్జీ చెప్పే కారణాలున్నాయి. గుడ్డని కోస్తే అంచు పోగులు ఊడొస్తుంది, మడిచి కుట్టాలి. తోలు అంచు ఊడదు. అందుకే గుండ్రంగా, నక్షత్రంలా, అక్షరంలా ఎలా కావాలంటే అలా కోసి, ఒక రంగు తోలులో ఇంకో రంగు ముక్క పొదిగి కుట్టొచ్చు. రంగు లోపలి దాకా పడుతుంది. కానీ సూది ఒకసారి దిగితే ఆ రంధ్రం పోదు, కుట్టు విప్పి మళ్లీ వేద్దామంటే కుదరదు, కాబట్టి చెయ్యి తిరిగినవాడే పట్టాలి. పనితనం కళ్లకి కనబడుతుంది, డబ్బెందుకు అంతైందో అడగాల్సిన పని ఉండదు.

ఈ పొదుగుడు పని శిఖరానికి చేరింది ఎయిట్ బాల్ జాకెట్లో. ఎరుపు, నీలం, పసుపు, నలుపు ముక్కలు అతికి, వీపు మీద బిలియర్డ్స్ ఆటలోని ఎనిమిదో నంబరు నల్ల బంతి. మైకేల్ హోబన్ అనే డిజైనర్ 1990లో చేశాడు. చాలామంది దీన్ని సాల్ట్ ఎన్ పెపా అనే అమ్మాయిల రాప్ గ్రూపు వేసుకుందనుకుంటారు, వాళ్లవి వేరే. ఆ అమ్మాయిల రంగురంగుల తోలు జాకెట్లు అంతకుముందే డాపర్ డాన్ షాపులో తయారయ్యాయి. ఈ అమ్మాయిల గురించి ఒక మాట అనాలి: తోలు జాకెట్ అంటే మగవాడి బింకం అనుకునే కాలంలో ముగ్గురమ్మాయిలు భుజాలు రెండింతలు పెద్దగా కనిపించే జాకెట్లలో వచ్చి నవ్వుతూ పాడి వెళ్లిపోయారు. వాళ్ల తర్వాత దాన్ని మగ జాకెట్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎయిట్ బాల్‌కి గిరాకీ ఎంతలా ఉండేదంటే, న్యూయార్క్‌లో దానికోసం కుర్రాళ్లని ఆపి దోచుకున్నారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అంతకుముందు గొర్రెతోలు కోట్ల విషయంలోనూ అదే. ఆస్తిని ఒంటి మీద మోస్తే ఆ ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది, గొలుసు దొంగల భయంతో పైటకొంగు మెడచుట్టూ కప్పుకుని బస్సెక్కే ఆడవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఆ భయమే జాకెట్‌కి విలువ పెంచింది కూడా. దాన్ని వేసుకుని సబ్‌వే దిగి ఇంటిదాకా నడిచావంటే నీకు భయం లేదన్నమాట, లేదా నీ జోలికి రావడానికి వేరేవాళ్లకి భయమన్నమాట.

పుకార్ల సంగతి కూడా చెప్పాలి. 1985లో ట్రూప్ అనే బ్రాండ్ వచ్చింది, రాపర్ ఎల్ఎల్ కూల్ జే దానికి ప్రచారం చేశాడు. కొన్నేళ్లకే, ఆ కంపెనీ నిజానికి నల్లవాళ్లని చంపిన కూ క్లక్స్ క్లాన్‌దని, పేరులోని అక్షరాలకి రహస్య అర్థం ఉందని, జాకెట్ లోపలి గుడ్డ చింపితే నల్లవాళ్లని తిట్టే రాతలు కనబడతాయని ప్రచారం మొదలైంది. అంతా అబద్ధం. వాట్సాప్ లేని కాలంలోనే దేశమంతా పాకింది, అమ్మకాలు పడిపోయాయి. వినడానికి పిచ్చిగా ఉన్నా ఆ భయానికి మూలం పిచ్చిది కాదు: మనం వేసుకునే జాకెట్ డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోంది అన్న ప్రశ్న అది. దానికి జవాబుగానే అనుకుంటాను, 1980ల చివర్లో కొందరు రాపర్లు బంగారు గొలుసులు తీసేసి ఆఫ్రికా మ్యాపు ఆకారంలో కోసిన తోలు బిళ్లల్ని తాడుకి కట్టుకుని వేసుకున్నారు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. మళ్లీ "మేము" వైపుకి ఊగడం.

ఊరూ వాతావరణం కూడా లెక్కలోకి వస్తాయి, ఫ్యాషన్ వ్యాసాలు ఈ విషయం చాలాసార్లు మర్చిపోతాయి. తోలు జాకెట్ చలి ఊళ్ల హిప్‌హాప్‌ది. న్యూయార్క్, డెట్రాయిట్, షికాగో. లాస్ ఏంజెలెస్‌లో ఎన్‌డబ్ల్యూఏ అనే రాప్ గ్రూపు వాళ్లకి అదే నలుపు కావాల్సొచ్చినప్పుడు పల్చటి రెయిడర్స్ ఫుట్‌బాల్ జట్టు జాకెట్లు వేసుకున్నారు, ఆ ఎండకి తోలు ఎవరు భరిస్తారు? డెట్రాయిట్ దగ్గర 1978లో మార్క్ బుకానన్ పెట్టిన పెల్లే పెల్లే కంపెనీ అయితే పేరులోనే సంగతి చెప్పేసింది. ఇటాలియన్‌లో పెల్లే అంటే తోలు, కాబట్టి కంపెనీ పేరు "తోలు తోలు". వీపంతా ఎంబ్రాయిడరీ, మేకులు, అక్షరాలు, రాళ్లు. మన పెళ్లి షేర్వాణీ కూడా సిగ్గుపడేంత పని.

1990ల్లో పెల్లే పెల్లేకి జోడీ ఏవిరెక్స్. జెఫ్ క్లైమన్ 1975లో పాత యుద్ధ విమాన జాకెట్ల మీద ప్రేమతో పెట్టిన కంపెనీ అది, 1986లో టామ్ క్రూజ్ పైలట్ సినిమాకి కూడా వాళ్ల జాకెట్లే వెళ్లాయి. న్యూయార్క్ కుర్రాళ్లు దాన్ని పట్టుకున్నాక కాలేజీ జట్టు జాకెట్‌లా మందపాటి తోలు, భుజాల మీద బిళ్లలు, వెనక పెద్ద అక్షరాలు. బాంబర్ కుర్రాళ్ల వీపు బొమ్మలు మొదలైన చోటికే మళ్లీ వచ్చామన్నమాట, యాభై ఏళ్లు తిరిగి. ఈలోగా రాపర్ డీఎంఎక్స్, అతని రఫ్ రైడర్స్ బృందం 1998లో బైకులతో సహా వీడియోలో దిగారు, దాంతో మోటార్‌సైకిల్ తోలు కూడా తిరిగొచ్చింది.

డాపర్ డాన్ కథకి మాత్రం మధ్యలో తాళం పడింది. టైసన్ కొట్లాటతో షాపు పేరు పేపర్లకెక్కింది, అప్పటిదాకా ఊరుకున్న కంపెనీల చూపు పడింది. దాడులు జరిగాయి, కుట్టిన సరుకు పట్టుకుపోయారు. ఫెండీ కంపెనీ తరఫున వచ్చిన లాయర్ సోనియా సోటోమయోర్. 1992కల్లా షాపు మూతపడింది. చట్టం ప్రకారం చూస్తే కంపెనీల వైపే న్యాయం ఉంది, వాళ్ల గుర్తు అడక్కుండా వాడాడు, అందులో రెండో మాట లేదు. కానీ చూడండి: 2009లో సోటోమయోర్ అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. సరిగ్గా అదే ఏడాది రాపర్ కాన్యే వెస్ట్, అతని స్నేహితుడు వర్జిల్ ఆబ్లో రోమ్ వెళ్లి అదే ఫెండీలో ఇంటర్నులుగా చేరారు. అక్కడ తను తోలుతో జాగింగ్ ప్యాంట్ చేద్దామంటే కాదన్నారని కాన్యే తర్వాత ఎన్నోసార్లు వాపోయాడు. 2018లో వర్జిల్ లూయీ విటాన్ మగవాళ్ల బట్టల విభాగానికి అధిపతి అయ్యాడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. ఇక 2017లో గుచ్చీ ఒక షోలో చూపించిన జాకెట్, 1980ల్లో ఒలింపిక్ పరుగుల రాణి డయాన్ డిక్సన్ కోసం డాపర్ డాన్ చేసిన జాకెట్‌లా ఉంది. అచ్చు గుద్దినట్టు. జనం తిట్టిపోస్తే, అది గౌరవంతో చేసిందేనని గుచ్చీ చెప్పుకుని, చివరికి అతన్నే పిలిచి, 2018లో హార్లెమ్‌లో తమ ముడిసరుకుతో షాపు పెట్టించింది. తన గుర్తు వాడాడని ఒకప్పుడు మూయించిన ప్రపంచమే పాతికేళ్లకి అతని గుర్తు వాడుకుంది. దీన్ని నేను విజయం అనలేను, ఆ మధ్య పోయిన ఇరవై ఐదేళ్ల సంపాదన ఎవరిచ్చారు?

ఇక ఆ తోలు ఎక్కడిది అన్న ప్రశ్న. ఇక్కడ మనమూ ఉన్నాం. దక్షిణాదిలో తోలు పదును చేయడానికి తరతరాలుగా వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా బతుకమ్మలో పేర్చుకునే ఆ తంగేడే. లందలో తోళ్లు వారాల తరబడి నానబెట్టి, ఆ వాసన మధ్యే బతికి, ఊరికి చెప్పులూ మోటబావి తొండాలూ డప్పులూ చేసిచ్చిన మాదిగల్ని ఊరు బయటే ఉంచింది. ఆ తోలు మద్రాసు ఓడరేవు నుంచి సగం పదునుతో విదేశాలకి వెళ్లేది. 1972లో సీతారామయ్య కమిటీ, సగం పని చేసిన తోలు అమ్మడం తగ్గించి పూర్తి వస్తువులే చేసి పంపాలని సిఫారసు చేశాక చెన్నై చుట్టుపక్కల జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీలు పెరిగాయి. కాబట్టి న్యూయార్క్ వీధిలో ఎవడో వేసుకున్న సాదా నల్ల జాకెట్ పుట్టిల్లు తమిళనాడులోని ఆంబూరో రాణిపేటో అయ్యుండొచ్చు. తంగేడు పోయి క్రోమ్ రసాయనం వచ్చింది, వారాల పని ఒకటి రెండు రోజులకి దిగింది, పాలారు నది పాడైంది, ఆ మురుగు మీద 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇవ్వాల్సొచ్చింది. నల్ల తోలు ఒకచోట గర్వానికి గుర్తు, దాన్ని ముట్టుకున్న చేతులకి ఇంకోచోట అంటు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

మనకి మాత్రం ఈ జాకెట్ రాప్ ద్వారా రాలేదు, డాన్స్ ద్వారా వచ్చింది. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ మన దగ్గరికి 1985లో చిరంజీవి "దొంగ"లో గోలీమార్ పాటగా దిగింది. ఆ తర్వాత ప్రతి కాలేజీ ఫంక్షన్‌లోనూ బ్రేక్ డాన్స్ చేసేవాడికి ఒక రెగ్జిన్ జాకెట్ ఉండేది, మే నెలలో కూడా. వాడి చెమట చూసి నవ్వాం గానీ, ఆగస్టులో టైసన్ చేసింది అదే పని.

రెగ్జిన్ అంటే గుర్తొచ్చింది. అమెరికాలో నా మొదటి చలికాలం, థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఒక మాల్‌లో నల్ల జాకెట్ కొన్నాను, చీటీ మీద లెదర్ అనే ఉంది, దాని ముందున్న ఇంకో చిన్న మాట నేను చదవలేదు. తోలు పొడిని జిగురుతో కలిపి గుడ్డ మీద పరిచి పైన ప్లాస్టిక్ పూత వేసిన సరుకు అది. రెండో చలికాలానికి మోచేతుల దగ్గర పొట్టు రాలడం మొదలైంది, కారు సీటంతా నల్ల పొలుసులు. అసలు తోలుకి అలా జరగదు. అది గీసుకుపోతుంది, రంగు తగ్గుతుంది, మోచేతి దగ్గర ముడత పడి వేసుకున్నవాడి ఆకారానికి వస్తుంది. పాతదైన కొద్దీ ధర పెరిగే బట్ట ఇంకేముంది, మన పట్టుచీర తప్ప? హిప్‌హాప్‌లో మామయ్య జాకెట్ మేనల్లుడు వేసుకోగలుగుతున్నాడంటే ముందు ఈ కారణం, తర్వాతే మిగతావన్నీ.

2016 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మధ్య విరామంలో గాయని బియాన్సే డాన్సర్లు నల్ల తోలు, నల్ల బెరేలతో వరసగా నిలబడ్డారు. పాంథర్ పార్టీ పుట్టి సరిగ్గా యాభయ్యో ఏడు. మర్నాడు టీవీల్లో పెద్ద గొడవ, పోలీసులకి వ్యతిరేకమని కొందరు. పాట మాటల కంటే బట్టల మీదే ఎక్కువ కోపం. ఇంకో పక్క హార్లెమ్ నుంచే వచ్చిన రాపర్ ఏసాప్ రాకీ లాంటివాళ్లు అదే నలుపుని ఖరీదైన యూరప్ డిజైనర్ల చేత కుట్టించుకుని "నేను" అని వేసుకున్నారు. ఇప్పుడేమో మళ్లీ పాత ఏవిరెక్స్, పెల్లే పెల్లేలకి గిరాకీ, అవి మార్కెట్‌లో ఉన్నప్పుడు పుట్టనైనా పుట్టని పిల్లలు ఆన్‌లైన్‌లో పాత జాకెట్ల కోసం వెతుకుతున్నారు. మీరు కూడా ఆ వేటలో ఉంటే సైజు సంగతి చూసుకోండి. ఆ రోజుల్లో కావాలనే వదులుగా కోసేవాళ్లు, చీటీ మీద మీడియం అని ఉన్నా అందులో మీరూ మీ తమ్ముడూ పట్టేస్తారు. చంక దగ్గర లోపలి గుడ్డ చిరిగిందేమో చేత్తో తడిమి చూడండి, జిప్పు మార్చొచ్చు గానీ అక్కడ ఎండి బిరుసెక్కిన తోలుని ఎవరూ బాగు చేయలేరు.